మూడుసార్లు పిలిచిన పేరు

నేను బోర్డులు రాస్తాను. ఆడమనిషి నిచ్చెనెక్కి నడిరోడ్డు మీద ఆ రాతలేమిటని మొదట్లో ముక్కున వేలేసుకున్నవాళ్ళ దుకాణాలకు కూడా తర్వాత నేనే బోర్డులు రాశాను. ఈ వీధిలో మందుల షాపు, కళ్ళజోళ్ళ షాపు, పళ్ళ డాక్టరు, సైకిళ్ళ మరమ్మతు, అన్నీ నా చేతి అక్షరాలే. ఫ్లెక్సీలొచ్చి నీ నోట్లో మట్టి కొట్టాయి కదమ్మా అని జాలిపడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ జాలి మీ దగ్గరే ఉంచుకోండి అంటాను. రెండు ఎండాకాలాలు గడిచేసరికి ఫ్లెక్సీ మీద బొమ్మ పాలిపోతుంది. నా ఎనామెల్ రంగు పదిహేనేళ్ళయినా అలాగే ఉంటుంది. నమ్మకపోతే వెళ్ళి పళ్ళ డాక్టరు బోర్డు చూసుకోండి, డాక్టరు జుట్టు తెల్లబడింది గానీ బోర్డు తెల్లబడలేదు.

అందరూ నన్ను బోర్డక్క అంటారు. కోపం ముక్కు మీదే ఉంటుందని కూడా అంటారు. ఉంటుంది మరి. ముక్కూ నాదే, కోపమూ నాదే. అయితే ఇప్పుడు చెప్పబోయేది నా గురించి కాదు, మా వీధి నర్సమ్మ గురించి. ఆవిడ కథలో ఒక తప్పు నాది కూడా ఉంది కాబట్టి నేనే చెప్పాలి.

ముందు మా నాన్న పెట్టిన నియమం ఒకటి చెప్పాలి. బోర్డు పెట్టించుకునే మనిషి రోడ్డుకి అవతల నిలబడి, తన దుకాణం వైపు తిరిగి, ఆ పేరును ఎవరినో పిలిచినట్టు గట్టిగా మూడుసార్లు పిలవాలి. ఆ తర్వాతే రేకు మీద దారం పట్టి గీత కొట్టడం. నాన్న కుర్రతనంలో ఒక బట్టల కొట్టాయనకు నోరు తిరగని పేరొకటి బంగారు రంగులో రాసిపెట్టాడట. కొట్టు వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకి ఆ పేరు అడగడం చేతకాక పక్క కొట్లోకి వెళ్ళేవాళ్ళట. ఏడాది తిరక్కుండా ఆ కొట్టు మూతపడింది. చూసేవాడు కళ్ళతో చూస్తాడు, వెతుక్కుంటూ వచ్చేవాడు మాత్రం నోటితో అడుగుతాడమ్మా అనేవాడు నాన్న. నోటికి రాని పేరు గోడ మీద ఎంత అందంగా ఉన్నా దండగే.

ఈ నియమం వల్ల నేను పడిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. కళ్ళజోళ్ళ షాపాయన తన భార్య పేరు పెట్టుకుంటానన్నాడు. సరే పిలవండి అన్నాను. రోడ్డు మీద పెళ్ళాం పేరు అరవాలంటే సిగ్గుతో మెలికలు తిరిగిపోయాడు. మొదటిసారి గొణిగాడు, రెండోసారి దగ్గాడు. మూడోసారి కళ్ళు మూసుకుని అరిచేసరికి మేడ మీంచి ఆవిడే తొంగి చూసి, “ఏమిటండీ ఆ కేకలు, వస్తున్నా ఉండండి!” అంది. బోర్డు దివ్యంగా కుదిరింది.

ఇక నర్సమ్మ. పెద్దాసుపత్రి అత్యవసర వార్డులో ఇరవయ్యారేళ్ళు పనిచేసింది. పొట్టి మనిషి, రబ్బరు బూట్లు, పరుగులాంటి నడక. నలభై రోజులు మా నాన్న ఆ వార్డులో పడుకుంటే, కట్టు మార్చిన ప్రతిసారీ ఆయన చెప్పే బోర్డుల కబుర్లన్నీ ఓపిగ్గా వింది. ఆయన పోయిన రోజున నా పక్కన మెట్ల మీద కూర్చుంది. ఊరుకో అనలేదు, ఏడవకు అనలేదు. ఆ మేలు నేను మర్చిపోయేది కాదు.

వార్డులో ఉన్నన్నాళ్ళూ ఆవిడ ఒకటి గమనించిందట. తమ చేతులతో తామే తెచ్చుకున్న గాయాలతో వచ్చేవాళ్ళని డాక్టర్లు బతికించి పంపేస్తారు. కొన్నాళ్ళకి వాళ్ళే మళ్ళీ వస్తారు. మధ్యలో వాళ్ళతో మాట్లాడే దిక్కు ఉండదు. అందుకని యాభయ్యో ఏట పుస్తకాలు ముందేసుకుని రెండేళ్ళు కౌన్సెలింగ్ చదివింది, పరీక్షలు పాసయింది, ఉద్యోగం మానేసింది. “ఇంట్లోనే ఒక గది పెట్టుకుని కూర్చుంటా బోర్డక్కా. ఎవరైనా రావచ్చు, ఏదైనా చెప్పుకోవచ్చు,” అని నాతో అన్నప్పుడు ఆవిడ మొహం వెలిగిపోయింది.

ఆ తర్వాత రెండు వారాలకి ఒక కాగితం పట్టుకుని నా షెడ్డుకి వచ్చింది. అందులో అచ్చులో ఇలా ఉంది: వెల్లోరియా వెల్‌నెస్ పాయింట్.

“ఇదేమిటి?” అన్నాను.

“పేరు. అన్నయ్య ఒకాయన్ని పిలిపించాడు, బ్రాండింగ్ చేస్తాడట. పేరులో జబ్బు వాసన రాకూడదన్నాడు.”

“అసలు దీనికి అర్థమేమిటి?”

“అర్థం ఉండకూడదటక్కా. అర్థముంటే జనం భయపడతారట.”

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సరే, నియమం నియమమే కదా, రోడ్డవతలికి వెళ్ళి పిలవమన్నాను. ఆవిడ కదల్లేదు. కాగితం మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. “ఈ ఒక్కసారికి వదిలెయ్యక్కా. నన్ను పిలవమనకు. రాసెయ్, అంతే,” అంది. ఇరవయ్యారేళ్ళు రక్తం చూసిన మనిషి నా ముందు నీళ్ళు నమిలింది. అక్కడే నేను అనుమానించాల్సింది. మా నాన్న మంచం పక్కన నిలబడ్డ మనిషి నోరు తెరిచి అడిగింది కదా అని మెత్తబడిపోయాను. నియమం పక్కన పెట్టి రాసేశాను. నా చేతులారా చేసిన తప్పు అది.

బోర్డు తగిలించడానికి వెళ్తే ఇంకో సంగతి తెలిసింది. దాన్ని వీధి వైపు కాదట, వెనక సందులో పెట్టాలట. నర్సమ్మ ఇంటికి వీధిలోకి ఒక గుమ్మం, వెనక సందులోకి ఒక గుమ్మం ఉన్నాయి. పైభాగంలో ఆవిడ అన్నగారు ఉంటారు, ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఆయనది. కింది భాగం నర్సమ్మది, ఆవిడ అక్కది. వీధి వైపు పెద్ద గది, అందులో ప్లాస్టిక్ కవరు తీయని సోఫా, ఎవరూ తాగని కప్పులున్న గాజు బీరువా. అది అన్నగారి చుట్టాలు, స్నేహితులు వచ్చినప్పుడు కూర్చునే గది. నర్సమ్మకిచ్చింది వెనక గది. చిన్న కిటికీ, సందులోకి గుమ్మం, మధ్యలో రెండు కుర్చీలు. “వచ్చేవాళ్ళకి మొహమాటం కదా, వెనకనుంచైతే ఎవరి కంటా పడరు అన్నాడు అన్నయ్య,” అని చెప్పింది. నేను నోరు మూసుకుని మేకులు కొట్టి వచ్చాను. నేను నోరు మూసుకున్న రోజులు చాలా తక్కువ, వాటిలో అదొకటి.

ఆ వెల్లోరియాకి వచ్చినవాళ్ళ గురించి చెప్తే మీరు నవ్వుతారు. మొదటి వారం ఒకావిడ వచ్చి మొటిమలకి ఏం రాస్తారని అడిగింది. ఇంకొకాయన బరువు తగ్గే పొడి ఉందా అన్నాడు. ఒక మేస్త్రీ అయితే నేరుగా లోపలికొచ్చి బాత్‌రూమ్ టైల్స్ శాంపిల్ చూపించమన్నాడు. నర్సమ్మ అందరికీ మంచినీళ్ళిచ్చి పంపించింది. ఆవిడ ఎదురుచూస్తున్న మనిషి ఒక్కడూ రాలేదు.

నిజానికి ఒకడు వచ్చాడు. అది తర్వాత తెలిసింది.

ఆరో వారంలో నర్సమ్మ నా షెడ్డు తలుపు తోసుకుని వచ్చింది. బ్రష్షులు కడుగుతున్నాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

“పాత వార్డులో ఫ్రెండ్‌ని చూద్దామని వెళ్ళానక్కా. మూడో మంచం మీద ఒక బస్సు డ్రైవరు ఉన్నాడు. అతని భార్య నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది. ఏమందో తెలుసా?”

“ఏమంది?”

“నీ గురించి ఎవరో చెప్తే పోయిన వారం ఆయనే బయల్దేరి వచ్చాడమ్మా అంది. వీధి ఆ చివర్నుంచి ఈ చివరికి మూడుసార్లు తిరిగాడట. ఎవరినైనా అడుగుదామంటే ఏమని అడగాలో తెలియలేదట. వెనక సందులోకి కూడా వచ్చాడట. నా గుమ్మం ముందే నిలబడ్డాడక్కా! బోర్డు చూసి, ఇదేదో సబ్బుల కంపెనీ అనుకుని ఇంటికి వెళ్ళిపోయాడట. రెండు రోజుల తర్వాత...” మాట మింగేసింది. “బతికాడు. బతికాడు కాబట్టి నీకు చెప్పగలుగుతున్నా.”

నా తల కొట్టేసినట్టయింది. రోడ్డవతల నిలబడి ఆ పేరు ఒక్కసారి పిలిపించి ఉంటే, ఆ పేరుకి నోరు లేదని అప్పుడే తేలిపోయేది. అడిగేవాడు ఏమని అడుగుతాడన్నది మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం. దాన్నే గాలికొదిలేశాను.

“నన్ను తిట్టు నర్సమ్మా,” అన్నాను.

“నిన్నెందుకు తిడతాను? రాయమన్నది నేను. సోమవారం అతన్ని ఇంటికి పంపిస్తున్నారు. నీతో మాట్లాడతానమ్మా, ఈసారి కనబడేలా బోర్డు పెట్టు అన్నాడు. సోమవారంలోగా నాకు బోర్డు కావాలి. పేరు కూడా అనుకున్నా.”

“ఏం పేరు?”

“ముందు గది.”

అర్థం కాలేదన్నాను. అప్పుడు కూర్చుంది. ఎన్నేళ్ళుగా లోపల దాచుకుందో, అది మొత్తం బయటపెట్టింది.

వాళ్ళక్కకి పద్నాలుగో ఏట ఆరోగ్యం పాడైంది. తనలో తను మాట్లాడుకునేది, కొన్ని రోజులు తిండి మానేసేది, ఉన్నట్టుండి ఏడ్చేది. ఎవరికీ ఏ హానీ చేసేది కాదు. కానీ నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు? అందుకని ఇంటికి ఎవరొచ్చినా అక్కని వెనక గదిలోకి పంపి గొళ్ళెం పెట్టేవాళ్ళు. ఏదీ మీ పెద్దమ్మాయి అని ఎవరైనా అడిగితే ఇంట్లో అందరిదీ ఒకే మాట: ఊరెళ్ళింది. ఎదురింటి దర్జీ కొలతలకి వచ్చినప్పుడల్లా అడిగేవాడట, అక్కతో కలిసి చదువుకున్నాడు కాబట్టి. వచ్చిన ప్రతిసారీ ఊరెళ్ళిందనే చెప్పారట.

“ఆ గొళ్ళెం పెట్టేది ఎవరనుకున్నావక్కా? నేనే. నాకు తొమ్మిదేళ్ళు. అమ్మ కన్నుతో సైగ చేసేది, నేను పరిగెత్తి గొళ్ళెం పెట్టేసి వచ్చి, బుద్ధిమంతురాల్లా ముందు గదిలో చుట్టాల మధ్య కూర్చునేదాన్ని. వాళ్ళెళ్ళిపోయాక తలుపు తీస్తే అక్క నన్ను ఒక్క మాట కూడా అనేది కాదు. ఎవరొచ్చారే, ఏ రంగు చీర కట్టుకుంది, ఏం నవ్వుకున్నారే అని అడిగేది. అన్నీ చెప్పించుకునేది.”

నేను చేతిలో బ్రష్షు పక్కన పెట్టేశాను.

ఉద్యోగం వచ్చిన మొదటి నెలలోనే నర్సమ్మ అక్కని ఆసుపత్రికి తీసుకెళ్ళి చూపించింది. మందులు పడ్డాయి, మనిషి కుదుటపడింది. రేడియో వింటుంది, ఇంట్లో బట్టలన్నీ మడత నలగకుండా ఇస్త్రీ చేస్తుంది, చెల్లెల్ని ఆటపట్టిస్తుంది. కానీ అలవాటు పోలేదు. గొళ్ళెం లేకపోయినా, ఎవరైనా వచ్చిన చప్పుడైతే తనే లేచి వెనక్కి వెళ్ళిపోతుంది. బయటికి వెళ్ళాల్సి వస్తే వెనక సందులోంచే. యాభై ఎనిమిదేళ్ళ మనిషి చెప్పులు ఇప్పటికీ వెనక గుమ్మం దగ్గరే ఉంటాయి.

“ఇప్పుడు నేనేం చేస్తున్నా? అదే గదిలో, అదే గుమ్మంలోంచి, ఎవరి కంటా పడకుండా జనాన్ని లోపలికి రమ్మని పిలుస్తున్నా. వచ్చి కూర్చుంటే, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదండీ అని చెప్పాలట! నాకు సిగ్గుండక్కర్లేదూ? నేను మళ్ళీ గొళ్ళెం పెడుతున్నానక్కా. ఈసారి చదువుకుని, సర్టిఫికెట్ తెచ్చుకుని మరీ పెడుతున్నా. ఇక పెట్టను. వచ్చేవాళ్ళు వీధి గుమ్మంలోంచే వస్తారు. ఆ సోఫాలోనే కూర్చుంటారు. ఏడుపొస్తే కప్పుల బీరువా ముందు కూర్చునే ఏడుస్తారు. ఎవడేమనుకున్నా సరే.”

“అయితే రా, పిలువు,” అన్నాను.

ఇద్దరం వీధిలోకి నడిచాం. నర్సమ్మ ఎదురింటి దర్జీ షాపు మెట్ల మీద నిలబడి తన ఇంటి వైపు తిరిగింది. “ముందు గదీ!” అని మొదటి కేకే వీధి చివరిదాకా వినబడింది. రెండోది ఇంకా గట్టిగా. మూడో కేకకి పళ్ళ డాక్టరు కిటికీ తెరిచి చూశాడు. దర్జీ కత్తెర ఆపి, “ఎవరి ముందు గదమ్మా?” అన్నాడు. “ఎవరిదైనా సరే అన్నయ్యా, లోపలికి రావచ్చు!” అంది నర్సమ్మ. ఆ మాట వినగానే నాలో ఉత్సాహం పొంగింది. అడిగేవాడు ముందు గది ఎక్కడండీ అని అడగొచ్చు, చెప్పేవాడు అదిగో అని వేలు చూపించొచ్చు. పేరంటే అదీ.

శనివారం పొద్దున్న రేకుకి ప్రైమర్ పూసి, తెల్లరంగు వేసి, ఆరబెట్టి, ఆదివారం ఉదయం వాళ్ళింటికి పట్టుకెళ్ళాను. వీధి గుమ్మం పైన కొలత చూసుకుని అక్కడే అక్షరాలు రాసుకోవడం నాకు అలవాటు. బోర్డు మీద నేను రాయాల్సిన మాటలు నర్సమ్మ కాగితం మీద ఇచ్చింది. పైన పెద్దక్షరాల్లో ముందు గది. కింద, మనసు బాగాలేనివాళ్ళు రండి, కూర్చుని మాట్లాడుకుందాం.

నిచ్చెన వేశానో లేదో అన్నగారు మేడ దిగి వచ్చారు. వెనకే ఆ బ్రాండింగాయన, చంకలో లాప్‌టాప్. అన్నగారు కాగితం తీసుకుని చదివారు. చదువుతుంటే ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

“మనసు బాగాలేనివాళ్ళు రండి. వీధి గుమ్మం మీద! మనింటి మీద! ఏమనుకుంటున్నావే నువ్వు?”

“రాసిందే అనుకుంటున్నా అన్నయ్యా,” అంది నర్సమ్మ.

బ్రాండింగాయన మధ్యలో గొంతు సవరించుకున్నాడు. “మేడం, పేరనేది ఒక ఫీలింగ్ అండీ. కస్టమర్‌కి...”

“పేరనేది అడ్రసు బాబూ,” అన్నాను నిచ్చెన మీంచి. “నీ ఫీలింగ్ పుణ్యమా అని ఒకడు చావు అంచుదాకా వెళ్ళొచ్చాడు. కాసేపు నోరు మూసుకుంటావా, లేకపోతే ఈ రంగు డబ్బా నీ లాప్‌టాప్ మీద ఒంపనా?” అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

అన్నగారిని రాక్షసుడని నేననను. ఆయన గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ వినబడింది. “నీకేం తెలుసే! నాకు ఇరవయ్యేళ్ళప్పుడే ఈ ఇంటి పరువు నా నెత్తి మీద పెట్టి పోయారు నాన్న. ఎవరొచ్చినా అబద్ధం చెప్పింది నేను. మీ వదిన వాళ్ళకి కూడా చెప్పలేదు, పెళ్ళయిన మూడేళ్ళ దాకా. ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకుని కాపాడుకొస్తే, ఇవాళ బోర్డు రాయించి బజారున పెడతావా?”

“కాపాడింది ఎవర్ని అన్నయ్యా? అక్కనా, సోఫానా?”

అన్నగారు వెంట తెచ్చుకున్న కాగితాల సంచీలోంచి వాళ్ళ నాన్నగారు రాసిపెట్టిన దస్తావేజు తీశారు. “ఇదిగో చూడు. కింది భాగం మీ ఇద్దరిదీ. ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప ఏ మార్పూ చేయకూడదని నాన్న రాశారు. నీ సగానికి నువ్వు ఒప్పుకున్నావు, సరే. దాని సగం మాటేమిటి? దాని మంచీ చెడూ చూసేది నేను. దాని తరఫున నేను చెప్తున్నా, ఒప్పుకోను. బోర్డు పెట్టడానికి వీల్లేదు. ఏమ్మా, నిచ్చెన దిగు.”

నర్సమ్మ మొహంలో రక్తం లేదు. రేపే సోమవారం. రేపు బస్సు డ్రైవరు వస్తాడు, బోర్డు లేని ఇంటి ముందు మళ్ళీ మూడుసార్లు తిరుగుతాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“దిగుతాను గానీ అన్నగారూ, నాదొక నియమం ఉంది,” అన్నాను. “బోర్డు ఎవరిదో వాళ్ళే పిలవాలి. వాళ్ళ తరఫున ఇంకొకరు పిలిస్తే చెల్లదు. ఒప్పుకోకపోవడమూ అంతే. ఆవిడ సగం గురించి ఆవిడ నోటితోనే వింటాను.”

“అది వీధిలోకే రాదు. మాట్లాడుతుందా?” అన్నారాయన.

లోపలి తలుపు దగ్గర చప్పుడైంది. అందరం అటు తిరిగాం. అక్క అక్కడే నిలబడి ఉంది. ఎప్పట్నుంచి వింటోందో తెలియదు. తలుపు వెనక నిలబడి ముందు గది మాటలు వినడం ఆవిడకి నలభై నాలుగేళ్ళ అలవాటు. బిగించి అల్లిన తెల్లటి జడ, ఇస్త్రీ నలగని చీర. అన్నని చూడలేదు, నన్ను చూడలేదు. చెల్లెల్ని చూసి అంది:

“నా చెప్పులు వెనక గుమ్మం దగ్గరున్నాయే. ఇటు తెచ్చిపెట్టు.”

నర్సమ్మ పరిగెత్తింది. తొమ్మిదేళ్ళప్పుడు కూడా ఆ నడవాలో అలాగే పరిగెత్తి ఉంటుంది. చెప్పులు తెచ్చి వీధి గుమ్మం ముందు పెట్టింది. అక్క గోడ పట్టుకుని ఒక్కొక్కటే తొడుక్కుంది. చెల్లెలు పట్టుకోబోతే వద్దంది.

“ఎక్కడ నిలబడాలి?” అని నన్నడిగింది.

“అదిగో, ఆ దర్జీ షాపు మెట్ల మీద అమ్మా. ఇటు తిరిగి, ఎవరినైనా పిలిచినట్టు.”

“మూడుసార్లేగా?”

“మూడే.”

నేను నిచ్చెన దిగి రోడ్డు మధ్యలోకి వెళ్ళి రెండు చేతులూ అడ్డం పెట్టాను. స్కూటరాయన ఒకడు హారన్ కొట్టాడు. నేను చూసిన చూపుకి ఇంజన్ కూడా ఆపేశాడు. అక్క నెమ్మదిగా రోడ్డు దాటింది. మెట్టెక్కింది, ఇటు తిరిగింది. తన ఇంటిని వీధిలోంచి ఎన్నేళ్ళ తర్వాత చూస్తోందో, కాసేపు అలాగే చూసింది.

మొదటిసారి పెదాలు కదిలాయంతే. అన్నగారు, “చూశారా,” అన్నారు.

రెండోసారి పక్క గదిలో ఉన్నవాళ్ళని పిలిచినట్టు పిలిచింది. నాకు వినబడింది. లెక్కకి రెండు అని రెండు వేళ్ళు చూపించాను.

ఆవిడ ఊపిరి పీల్చుకుంది. “ముందు గదీ!” అని పిలిచింది. అది పిలుపు కాదండీ, ఆ వీధి మొత్తాన్ని నిలదీయడమే. పళ్ళ డాక్టరు ఇంట్లోంచి బయటికి వచ్చాడు, మందుల షాపులో జనం తలలు తిప్పారు. నర్సమ్మ గుమ్మంలో నిలబడి బహిరంగంగా ఏడ్చేసింది. నాకూ కళ్ళు నిండాయి. నేనేం దాచుకోలేదు.

దర్జీ మిషను ఆపి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, మెట్టు మీద నిలబడ్డ మనిషిని ఎగాదిగా చూశాడు. “ఎవరమ్మా నువ్వు? ఎక్కడో చూసినట్టుందే,” అన్నాడు.

అన్నగారు నోరు తెరిచారు. ఎన్నో ఏళ్ళుగా నోటికి అలవాటైన మాట ఆ నోట్లోనే ఉండిపోయింది, ఎందుకంటే అక్క ఆయన వైపు ఒక్కసారి చూసి, దర్జీ వైపు తిరిగి నవ్వింది.

“నేనే. ఊరెళ్ళానని చెప్పారు కదా,” అంది. “ఇప్పుడే వచ్చాను.”